కడుపు మాడ్చుకోవడం ధమ్మం కాదు
(ధమ్మ పాఠం: ఆహారం, శరీరం, మధ్యమ మార్గం)



ధమ్మ బంధువులారా, ఉపాసక ఉపాసికలారా,

మన తాతలు, అవ్వలు ఆకలిని చూసినవాళ్లు. గంజి తాగి పొద్దు గడిపారు. ఊరి చివర ఉంచబడ్డ కులం కాబట్టి భూమి లేదు, భూమి లేదు కాబట్టి గింజ లేదు. ఆ ఆకలి వాళ్లు కోరుకున్నది కాదు. ఇవాళ అదే ఇళ్లలో మనవరాళ్లు పెళ్లిచూపుల కోసమో, ఫోటోల కోసమో, పక్కవాళ్ల మాట కోసమో తమంతట తాము ఆకలిని తెచ్చుకుంటున్నారు. "పది రోజుల్లో పది కిలోలు" అనే మాట సెల్‌ఫోన్లో కనిపిస్తే చాలు, అన్నం మానేసి నిమ్మరసం, దోసకాయ ముక్కలతో సరిపెట్టుకుంటున్నారు. మగపిల్లలు కూడా తక్కువేం కాదు. అందుకే ఈ పాఠం.

ముందే ఒక మాట. బరువు తగ్గాలనుకోవడం తప్పు కాదు. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు మన వాడల్లోకీ వచ్చేశాయి. బాబాసాహెబ్ కూడా షుగర్ జబ్బుతో చాలా బాధపడ్డారు. ఎక్కువ బరువున్న మనిషి తన బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా షుగర్, బీపీ అదుపులోకి రావడానికి సాయపడుతుంది. కాబట్టి ఇక్కడ ప్రశ్న తగ్గాలా వద్దా అని కాదు. ఎట్లా తగ్గాలి, ఎంత వేగంగా తగ్గాలి అనేదే ప్రశ్న.

1. సిద్ధార్థుడు చేసి చూసిన ప్రయోగం

సిద్ధార్థ గౌతముడు ఇల్లు విడిచాక ఆరేళ్లు కఠోర తపస్సు చేశాడు. రోజుకి గుప్పెడు పప్పు నీళ్లతో బతికిన రోజులున్నాయి. ఆ కాలంలో తన శరీరానికి ఏమైందో ఆయనే తర్వాత చెప్పుకున్నట్టు మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తంలో ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. పక్కటెముకలు పాత ఇంటి వాసాల్లా తేలాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే వెన్నెముక తగిలేది. ఒళ్లు రుద్దుకుంటే వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడి వచ్చేవి. లేచి నిలబడబోతే కూలిపోయేవాడు.

ఇవి పుణ్యానికి గుర్తులా? ఇవాళ ఏ డాక్టరుకి చూపించినా ఇవి ఆకలి రోగానికి గుర్తులనే చెబుతాడు. ఇంత ఎండిపోయిన శరీరంతో జ్ఞానం సాధ్యం కాదని ఆయన తెలుసుకున్నాడు. సుజాత ఇచ్చిన ఆహారం తీసుకున్నాడు. వెంట ఉన్న ఐదుగురు పరివ్రాజకులు "ఇతను సుఖాలకు మరిగాడు" అని వదిలేసి పోయారు. పోతే పోనీ అనుకున్నాడు గానీ, వాళ్ల మెప్పు కోసం మళ్లీ ఉపవాసం చేయలేదు. తర్వాత సారనాథ్‌లో అదే ఐదుగురికి మొదటి ఉపదేశం చేశాడు. భోగాల్లో మునగడం ఒక అతి, ఒంటిని హింసించడం ఇంకో అతి, రెంటినీ విడవమన్నాడు.

మనకిందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, అనుభవంతో పరీక్షించి తప్పు అని తేలిన దాన్ని వదిలేయాలి. రెండు, లోకం మెప్పు కోసం ఒంటిని మాడ్చకూడదు.

2. శాస్త్రం చేసి చూసిన ప్రయోగం

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరిశోధన చేశాడు. మనుషుల్ని చంపడం మాకు సమ్మతం కాదని ఆయుధం పట్టడానికి నిరాకరించిన 36 మంది యువకులు దానికి ముందుకొచ్చారు. యుద్ధంలో ఆకలితో అలమటిస్తున్న జనాన్ని ఎట్లా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. అందరూ ఆరోగ్యవంతులే. ఆరు నెలల పాటు వాళ్లకి రోజుకి సుమారు 1570 కేలరీల తిండి మాత్రమే పెట్టారు, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు.

వాళ్ల బరువు నాలుగో వంతు తగ్గింది. దాంతోపాటు ఇంకేం జరిగిందో చూడండి. ఎండాకాలంలో కూడా చలి వేసేది. గుండె కొట్టుకునే వేగం బాగా పడిపోయింది. కాళ్లకి నీరు పట్టింది. చీటికి మాటికి కోపం, దిగులు. చదువు మీద, స్నేహాల మీద మనసు పోయింది. పొద్దస్తమానం తిండి గురించే ఆలోచన. కొందరైతే వంటల పుస్తకాలు పోగుచేసుకోవడం మొదలుపెట్టారు. ప్రయోగం అయ్యాక చాలామంది ఆపుకోలేనంతగా తిన్నారు. పోయిన కండ కంటే ముందు కొవ్వు తిరిగొచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. వాళ్లకి పెట్టిన 1570 కేలరీలని శాస్త్రవేత్తలు "సగం పస్తు" అన్నారు. ఇవాళ మన పిల్లలు పాటిస్తున్న కొన్ని డైట్లు 800, 600 కేలరీలు కూడా దాటవు.

3. ఒక చిన్న లెక్క

కేలరీ అంటే తిండిలో ఉన్న శక్తికి కొలత. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దగా ఒళ్లు వంచని పని చేసే 55 కిలోల స్త్రీకి రోజుకి సుమారు 1660, అట్లాంటి పని చేసే 65 కిలోల పురుషుడికి 2110 కేలరీలు కావాలి. కూలి పని, తాపీ పని చేసేవాళ్లకి ఇంకా చాలా ఎక్కువ కావాలి.

ఒంట్లోని కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు ఖర్చవ్వాలి. రోజుకి 2000 కేలరీలు ఖర్చయ్యే మనిషి వారమంతా ఏమీ తినకుండా మంచినీళ్లతో ఉన్నాడనుకుందాం. ఏడు రోజులకి 14,000 కేలరీలు. అంటే రెండు కిలోల కొవ్వు కూడా కరగదు. మరి "వారంలో ఐదు కిలోలు" ఎక్కడి నుంచి పోయినట్టు?

పోయింది చాలావరకు నీళ్లు, కండ. మన కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం నిలవ ఉంటుంది. దాని వెంట దాని బరువుకి మూడింతల నీరు ఉంటుంది. తిండి మానగానే మొదటి రోజుల్లో ఆ నిలవ ఖాళీ అయి నీరు బయటికి పోతుంది. తూకం ముల్లు కిందికి దిగుతుంది. మళ్లీ అన్నం తినగానే ముల్లు పైకి లేస్తుంది. ఈ లోపల శరీరం తన కండనే కరిగించుకుని కొంత శక్తి తెచ్చుకుంటుంది. కండ అంటే మన కూలీ, మన బలం. అది పోతే తిరిగి సంపాదించడం కష్టం.

4. మరీ తక్కువ తింటే ఏమవుతుంది?

శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. కరువు వచ్చిందనుకుని పొదుపు మొదలుపెడుతుంది. అమెరికాలో బరువు తగ్గే ఒక టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. వాళ్ల శరీరాలు ఉండాల్సిన దానికంటే రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయని 2016లో తేలింది. వాళ్లలో ఎక్కువమందికి పోయిన బరువు చాలావరకు తిరిగొచ్చింది.

పిత్తాశయంలో రాళ్లు. వేగంగా, ముఖ్యంగా వారానికి కిలోన్నర కంటే ఎక్కువ తగ్గేవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ. కుడివైపు పక్కటెముకల కింద పొడిచినట్టు నొప్పి, వాంతులు వస్తాయి.

గుండె దడ. ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం లాంటి లవణాలు తగ్గితే గుండె లయ తప్పుతుంది. 1970ల్లో అమెరికాలో ద్రవ రూపంలో ప్రోటీన్ తాగి మిగతా తిండి మానేసే డైట్ ఒకటి జోరుగా సాగింది. దాన్ని పాటించినవాళ్లలో అరవైకి దగ్గరగా మరణాలు నమోదయ్యాయి. వాటిలో చాలా గుండె ఆగి జరిగినవే.

ఆడవాళ్లలో నెలసరి తప్పుతుంది. ఎముకలు బలహీనపడతాయి. రెండు మూడు నెలలకి జుట్టు గుత్తులుగా ఊడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అసలే రక్తం తక్కువ, దాని మీద పస్తు. ఇక ఏం మిగులుతుంది?

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. చాలా రోజులు దాదాపు పస్తున్న మనిషి ఒక్కసారిగా కడుపు నిండా తిన్నా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం హఠాత్తుగా పడిపోతాయి. అట్లాంటివాళ్లకి డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తిండి మొదలుపెట్టాలి.

800 కేలరీల కంటే తక్కువ తిండి ఆసుపత్రి వైద్యంలో ఉన్న విషయమే. కానీ అది కొందరు రోగులకి, కొన్నాళ్లపాటు, రక్త పరీక్షలు చేస్తూ డాక్టర్లు చేయించేది. ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్ చూసి చేసేది కాదు.

5. "మరి ఉపోసథం మాటేమిటి?"

కొందరు ఉపాసికలు ఇట్లా అడగొచ్చు: "ఉపోసథ దినాన మధ్యాహ్నం దాటాక తినం కదా, అది ఉపవాసం కాదా?" కాదు. భిక్షువులు మధ్యాహ్నం లోపు కావలసినంత తింటారు. జబ్బు పడిన భిక్షువులకి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మందుగా పుచ్చుకోవచ్చని తథాగతుడు అనుమతించాడు. ఆ నియమం తృష్ణని గమనించడానికే గానీ, ఒంటిని ఎండబెట్టడానికి కాదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, బాలింతలు ఆ రోజు కూడా డాక్టరు చెప్పినట్టే తినాలి.

అళవిలో జరిగిన సంగతి గుర్తు చేసుకోండి. ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దుని వెతికి వెతికి ఆకలితో సభకి వచ్చాడు. బుద్ధుడు ఉపదేశం ఆపి ముందు అతనికి అన్నం పెట్టించాడు, ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు. కాలే కడుపుకి ధమ్మం ఎక్కదు.

6. పసేనది రాజు ఎట్లా తగ్గాడు?

బరువు తగ్గడం గురించి కూడా సంయుత్త నికాయంలో ఒక కథ ఉంది. కోసల రాజు పసేనది కుంచాలకొద్దీ అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు అతన్ని ఎగతాళి చేయలేదు, పస్తుండమనలేదు. మితం ఎరిగి, ఎరుకతో తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని ఒక గాథలో చెప్పాడు. రాజు ఆ గాథని సుదస్సనుడనే కుర్రాడి చేత నేర్పించి, భోజనానికి కూర్చున్నప్పుడల్లా తనకి వినిపించమన్నాడు. అట్లా క్రమక్రమంగా తిండి తగ్గించుకుంటూ ఒక చిన్న కొలతకి వచ్చాడు. ఒళ్లు తేలికపడ్డాక తథాగతుడి మేలు తలచుకున్నాడు.

ఒక్క రోజులో కాదు, క్రమక్రమంగా. ఎవరో గుర్తు చేస్తుండగా, తనకి తాను ఎరుకతో. దీన్నే "భోజనే మత్తఞ్ఞుతా" అంటారు. అంటే తిండిలో మితం తెలియడం. మితం అంటే ఎక్కువ తినకపోవడమే కాదు, మరీ తక్కువ తినకపోవడం కూడా.

7. మనం చేయదగినవి

• రోజుకి 300 నుంచి 500 కేలరీలు తగ్గించండి చాలు. వారానికి అరకిలో తగ్గితే మంచి వేగమే.
• ముందు అనవసరమైనవి తీసేయండి. రెండు చెంచాల చక్కెర అంటే 40 కేలరీలు. రోజుకి నాలుగు టీలు తాగితే 160. చెంచా నూనె 45. మిక్చర్, బజ్జీలు, కూల్‌డ్రింకులు మానితేనే సగం పని అవుతుంది.
• అన్నం పూర్తిగా మానొద్దు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు అన్నమో జొన్నరొట్టో. మిగతా పావు పప్పు, శనగలు, గుడ్డు, చేప, కోడి, పెద్దకూర, ఎవరి అలవాటు వారిది. మన తిండిని చూసి సిగ్గుపడే పని లేదు.
• కండ కరగకుండా ఉండాలంటే రోజూ నడవండి, బరువు ఎత్తే పనో వ్యాయామమో చేయండి.
• పొడులు, మాత్రలు అమ్మేవాళ్ల మాట నమ్మి డబ్బు తగలేయొద్దు.
• గర్భిణులు, బాలింతలు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా డైట్ చేయొద్దు.
• కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఛాతీ నొప్పి, ఆగని వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. నెలసరి ఆగినా, జుట్టు బాగా ఊడుతున్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి.

చివరిగా తల్లిదండ్రులకి, అన్నలకి, వదినలకి ఒక విన్నపం. ఆడపిల్లని "లావైపోయావ్, ఎవరు చేసుకుంటారు" అనొద్దు. ఆ ఒక్క మాటతోనే చాలా పస్తులు మొదలవుతాయి. పుట్టుకని బట్టి మనిషిని తూచే సమాజాన్ని ధిక్కరించి మనం ధమ్మంలోకి వచ్చాం. ఇప్పుడు ఒంటి కొలతని బట్టి మన పిల్లల్ని మనమే తూచడం న్యాయమా? మొదటి శీలం ప్రాణిని హింసించొద్దంటుంది. మన శరీరం కూడా ప్రాణమున్నదే.

కలిసి చర్చించండి

1. సిద్ధార్థుడు కఠోర తపస్సు ఎందుకు విడిచాడు? ఐదుగురు వదిలేసినా ఎందుకు వెనక్కి పోలేదు?
2. వారంలో ఐదు కిలోల కొవ్వు కరగడం ఎందుకు సాధ్యం కాదో లెక్క వేసి చెప్పండి.
3. పసేనది రాజు పద్ధతిలో మన ఇంట్లో ఎవరు ఎవరికి సుదస్సనుడు కాగలరు?
4. మన వాడలో పస్తులుండి బరువు తగ్గాలని చూస్తున్నవాళ్లు ఉన్నారా? వాళ్లతో నొప్పించకుండా ఎట్లా మాట్లాడాలి?

జై భీమ్!