కథకు వెల కట్టడం తప్పా?

ప్రశ్న: నా కథల పుస్తకం అచ్చుకు కాపీకి 90 రూపాయలవుతోంది. లాభం చూసుకోవాలంటే మొహమాటం. ఒక ప్రచురణకర్త హక్కులన్నీ రాసిమ్మంటున్నారు. ఏం చేయను?

జవాబు: మొహమాటమెందుకండీ? కాగితానికీ, బైండింగుకూ డబ్బిచ్చి, రాసినవారికి శాలువాతో సరిపెడితే రేపు రాసేదెవరు? వెల 150 పెట్టారనుకోండి. దుకాణం 40 శాతం కమీషన్ పట్టుకుంటే మీకొచ్చేది 90, అంటే అచ్చు ఖర్చే. సమీక్షలకు, చుట్టాలకు ఊరికే పంచే కాపీలన్నీ చేతి చమురే. 200 పెట్టండి, 120 వస్తుంది. అది అత్యాశేం కాదు. మొదట తక్కువ కాపీలే వేయించండి, మంచం కింద కట్టలు పేరుకోవు.

హక్కులిస్తే ఎన్నేళ్లకో, ఈ-బుక్, ఆడియో కలిపో కాదో కాగితం మీద రాయించండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. ‘శాశ్వతంగా’ అన్న మాట కనబడితే సంతకం ఆపి, ఒప్పందాన్ని న్యాయవాదికి చూపించండి.