మీకు ఎన్ని భాషలు వచ్చు?

2011వ సంవత్సరం. జనాభా లెక్కలు జరుగుతున్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి.

సిరిసిల్లలో ఒక ఇల్లు. వాకిట్లో అత్తాకోడళ్లు బీడీలు చుడుతున్నారు. కోడలు భీవండిలో పుట్టి పెరిగింది. ఆమె అమ్మానాన్నలు సాంచాల పనికి అక్కడికి పోయారు.

"అత్తమ్మా, లెక్కలు రాసే సారుకు నా గురించి ఏం చెప్పిన్రు?"

"మీ మామ చెప్పిండు. తెలుగు ఒక్కటే వచ్చని రాయించిండు."

"గదేంది? నాకు మరాఠీ వస్తది. హిందీ వస్తది."

"చదువ రాదు కద బిడ్డా!"

అత్త పొరపడింది. ఎదుటివాళ్ల మాట అర్థం కావాలి. తిరిగి మాట్లాడాలి. అంతే చాలు, ఆ భాష వచ్చినట్లే. చదవడం, రాయడం సంగతి వేరే ప్రశ్నలో అడుగుతారు.

భాష గురించి రెండు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది తల్లిభాష. అంటే చిన్నప్పుడు తల్లి మనతో మాట్లాడిన భాష. రెండోది, అది కాక వచ్చిన వేరే భాషలు. రెండు భాషల దాకా రాస్తారు. కోడలికి అన్నీ నిండేవి. మామ చెప్పబట్టి రెండు ఖాళీగా పోయాయి. ఆడవాళ్ల సంగతి మగవాళ్లు చెప్తే ఇట్లనే అవుతుంది.

"మరి నాకు తెలుగు ఒక్కటేనాయె" అన్నది అత్త.

"బీడీల సేటుతో ఉర్దూల కొట్లాడుతవు కద అత్తమ్మా!"

అత్త నవ్వింది. కోరుట్ల, జగిత్యాలల్లో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పక్కింటి తెలుగువాళ్లకూ ఆ భాష అబ్బుతుంది.

ఇంగ్లీషు మాటేమిటి? 2011 లెక్కల్లో తెలుగు తల్లిభాష అని చెప్పినవాళ్లు దేశంలో 8 కోట్ల 11 లక్షలు. ఇంగ్లీషు అని చెప్పినవాళ్లు సుమారు 2 లక్షల 60 వేలే. కానీ రెండో భాషగానో, మూడో భాషగానో ఇంగ్లీషు వచ్చన్నవాళ్లు 12 కోట్లకు పైనే. ఎంత బాగా వచ్చో మాత్రం మన దగ్గర అడగలేదు. అదే ఏడు ఇంగ్లండులో, ముఖ్య భాష వేరేది ఉన్నవాళ్లను అదీ అడిగారు. చాలా బాగా వచ్చా, బాగా వచ్చా, అంత బాగా రాదా, అసలు రాదా అని.

ఆ తేడా చిన్నది కాదు. బస్సు, టికెట్, కార్డు అనే మాటలు మనందరికీ వచ్చు. కానీ దుబాయి పోయే మనిషి చేతికి వచ్చే ఒప్పంద కాగితం ఇంగ్లీషులోనో, అరబ్బీలోనో ఉంటుంది. జీతం ఎంత? పని ఏమిటి? ఎన్నేళ్లు? సంతకం పెట్టకముందే చదివించుకొని వినాలి.

పిల్లల చదువులోకీ ఇంగ్లీషు వచ్చింది. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. అప్పుడు ఇచ్చిన పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క తెలుగు ఉన్నాయి. తెలుగు చదవడం వచ్చిన తల్లి ఆ పక్క చూసి, "ఈ పాఠంల ఏమున్నది? చెప్పు బిడ్డా" అని అడగవచ్చు.

2021లో జరగాల్సిన లెక్కలు కరోనా వల్ల ఆగాయి. 2027లో చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

మీ ఇంట్లో ఎవరెవరికి ఏ భాషలు వచ్చు? అడిగి, పేర్ల పక్కన రాయండి. ముందు మీ పేరు రాయండి.