స్పిరిట్ సీసా దూరంగా పెట్టండి

సిద్ధార్థ మెడికల్ కాలేజీ, ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్న విజయవాడ గుణదలలో స్కానింగ్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. టెక్నీషియన్ అయినా, గది తుడిచే ఆయా అయినా ముందు తెలుసుకోవాల్సింది ఒకటే. మిషన్లు మురికితోనే పాడవవు, తుడవడం చేతగాక కూడా పాడవుతాయి.

అల్ట్రాసౌండ్ ప్రోబ్ సంగతే చూడండి. దాని కొనమీద రబ్బరులాంటి మెత్తటి పొర ఉంటుంది. చాలా ప్రోబ్‌లకు స్పిరిట్ పడదు. రోజూ రాస్తే ఆ పొర ఎండి బీటలిస్తుంది. బీటలోంచి జెల్ దిగితే బొమ్మలో నల్లచారలు మొదలవుతాయి. కొత్త ప్రోబ్ అంటే లక్షల మాట. పేషెంటు లేవగానే ముందు టిష్యూతో జెల్ మొత్తం తీసేయండి. జెల్ మీద మందు పూస్తే క్రిములు చావవు. తర్వాత మాన్యువల్‌లో రాసిన ద్రావణంతోనే తుడవండి. ఆ మాన్యువల్ ఎక్కడో బీరువాలో ఉంటుంది, దాన్ని బయటికి తీయించడమే సగం పని!

లోపలికి పెట్టి చూసే ప్రోబ్‌కు కండోమ్ తొడిగాం కదా అని తుడిచి ఊరుకోకూడదు, తొడుగులు చిరుగుతాయి. కంపెనీ ఒప్పుకున్న గ్లుటరాల్డిహైడ్ వంటి మందులో, చెప్పినన్ని నిమిషాలు, చెప్పిన గీత వరకే ముంచాలి. కనెక్టర్ తడవకూడదు. తీశాక మంచినీళ్లతో బాగా కడగకపోతే పేషెంటుకు మంట. ఆ మందు ఆవిరి మీ కళ్లకూ మంచిది కాదు, గాలి ఆడేచోట గ్లౌజులు వేసుకుని చేయండి.

5 లీటర్ల క్యాన్‌లోంచి జెల్‌ను పాత సీసాలోనే మళ్లీ మళ్లీ నింపే అలవాటు మానండి. అడుగున మిగిలిన జెల్‌లో బాక్టీరియా పెరుగుతుంది.

ఎక్స్‌రే టేబుల్ మీద నేరుగా స్ప్రే కొట్టకండి, సందుల్లోకి దిగుతుంది. కరెంటు ఆపి, గుడ్డను తడిపి పిండి తుడవండి. లెడ్ ఏప్రాన్‌ను మడతపెడితే లోపలి సీసం పగులుతుంది, హ్యాంగరుకు తగిలించండి. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదలలో జరిగే మేరీమాత ఉత్సవాలకు వచ్చే జనంతో రోడ్డు దుమ్మంతా లోపలికే కదా, అవి అయ్యాక ఏసీ, మిషన్ ఫిల్టర్లు ఓసారి చూడండి.

ఎంఆర్ఐ గది వేరే లోకం. కంప్యూటర్ ఆపినా అయస్కాంతం ఆగదు. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్లిన ఒకాయన ప్రాణమే పోయింది. ఇనప బకెట్టు, మాప్ కర్ర, జేబులో తాళాలు, అన్నీ గుమ్మం బయటే. రాత్రిపూట ఒంటరిగా తుడిచే ఆయాకు ఇది ఎవరూ చెప్పకపోతే తప్పు ఆమెది కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు చూశాం, నీళ్లు ఎక్కడికైనా వస్తాయి. ఒకసారి తడిసిన మిషన్ పైకి ఆరినట్టు కనిపించినా, ఇంజినీరు చూసేదాకా స్విచ్ వేయకండి. యూపీఎస్‌ను నేలమీద పెట్టి ఉంటే ఇవాళే ఎత్తున పెట్టించండి.