'టాలెంట్' లేని వారున్నారా?



"మా పెద్దవాడికి మంచి టాలెంట్ ఉందండీ, చిన్నవాడికే ఏమీ లేదు." ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంక గ్రామాలలోనైనా తల్లిదండ్రుల నోట తరచుగా వినిపించే మాట ఇది. ఇంగ్లీషు చదవనివారికి కూడా 'టాలెంట్' తెలుసు. బడిలో టాలెంట్ టెస్టు, టీవీలో టాలెంట్ పోటీ. అయితే ఈ మాట పుట్టినది తెలివితేటల నుండి కాదు, తూకం నుండి.

గ్రీకు భాషలో 'తలాంతోన్' అంటే త్రాసు. త్రాసులో తూచిన బరువు కూడా. మన 'తుల' దీనికి దూరపు చుట్టం. ఎత్తడం, మోయడం అనే అర్థమున్న ఒకే ప్రాచీన ధాతువు నుండి ఈ రెండు మాటలూ వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. తులాభారం, తులారాశి, తులం బంగారం అన్నవి ఆ కుటుంబానివే.

ఏథెన్సు వారి కొలతలో ఒక తలాంతు సుమారు 26 కిలోలు. అంటే ఇంచుమించు చిన్న బియ్యం బస్తా అంత బరువు. అంత బరువు గల వెండినీ తలాంతు అన్నారు. ఆ విధంగా బరువు పేరు డబ్బు పేరయింది. ఒక తలాంతు విలువ సుమారు 6,000 దెనారములు. ద్రాక్షతోట పనివారి ఉపమానాన్ని బట్టి (మత్తయి 20) ఒక దెనారము ఒక రోజు కూలి. ఏడాదికి 300 పనిదినాలు లెక్కవేస్తే, ఒక్క తలాంతు ఇరవై ఏళ్ళ కూలి!

ఇప్పుడు మత్తయి సువార్త 25వ అధ్యాయం తెరవండి. దూరప్రయాణానికి వెళ్ళే యజమాని ఒక సేవకునికి ఐదు, మరొకనికి రెండు, వేరొకనికి ఒక తలాంతు అప్పగించాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. మూడవవాడు భయపడి గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఈ ఉపమానానికి క్రైస్తవులు చెప్పుకున్న వివరణ నుండే, 15వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో 'టాలెంట్'కు 'దేవుడిచ్చిన నేర్పు' అనే అర్థం స్థిరపడసాగింది. మన క్రైస్తవ తెలుగులో 'తలాంతు' కూడా అదే దారి పట్టింది.

కాలక్రమాన 'దేవుడిచ్చిన' అన్నది జారిపోయి, 'నేర్పు' మాత్రం మిగిలింది. అప్పగించిన సొత్తు కాస్తా సొంత గొప్ప అయింది. ఉపమానంలో యజమాని ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారికి పంచాడు. అంటే అక్కడ సామర్థ్యం వేరు, తలాంతు వేరు. తలాంతు నమ్మి చేతిలో పెట్టినది, లెక్క చెప్పవలసినది. ఇంకొక సంగతి గమనించండి: తలాంతు అందని సేవకుడు ఆ కథలో లేడు. అందరికన్నా తక్కువ పొందినవాడి చేతిలోనూ ఇరవై ఏళ్ళ కూలి ఉంది.

మరి మన చిన్నవాడి సంగతి? తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే, నీటిలో ప్రాణవాయువు తగ్గిందని ముందుగా గుర్తించి తండ్రిని లేపేవాడు వాడే కావచ్చు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో కాటా వేయకముందే బస్తా బరువు చెప్పగలవాడు కావచ్చు. మంచాన పడిన నాయనమ్మకు ఓపికగా అన్నం తినిపించే పిల్ల కావచ్చు. వీటికి మార్కులు వేసే టెస్టు లేదు. అంతమాత్రాన అవి తలాంతులు కాకపోవు.

ఉపమానంలో సేవకుడు తన తలాంతును తానే పాతిపెట్టుకున్నాడు. "నీకు టాలెంట్ లేదు" అని పదేపదే అంటే, పిల్లల చేతిలోని తలాంతును మనమే పాతిపెట్టినవారమవుతాము. చిన్నతనంలో విన్న ఆ మాటను పిల్లలు పెద్దయ్యాక కూడా మోస్తారు.

ఈ వారం ఒకరోజు, సాయంకాల కుటుంబ ప్రార్థన అయిన తరువాత, ఇంటిల్లిపాదీ కూర్చోండి. దేవుడు పక్కవారి చేతిలో ఏమి అప్పగించాడో ఒక్కొక్కరూ చెప్పండి. ముందుగా ఇంట్లో అందరికన్నా తక్కువ మెప్పు పొందే బిడ్డ గురించి చెప్పండి.