మధుమేహముగల పెంపుడు పిల్లి: ఇంటిలో ఇన్సులిను వాడు విధము

మధుమేహము మనుష్యులకు మాత్రమే వచ్చు వ్యాధి కాదు. కుక్కలకును, పిల్లులకును కూడ అది వచ్చును. పిల్లులకు వచ్చు మధుమేహము, పెద్దవయసు మనుష్యులలో సాధారణముగా కానవచ్చు రెండవ రకపు మధుమేహమును పోలియుండును. క్లోమగ్రంథి పుట్టించు ఇన్సులిను చాలకపోవుటయు, ఉన్న ఇన్సులిను శరీరములో సరిగా పనిచేయకపోవుటయు దీనికి కారణములు. నడివయసు దాటినవి, బరువెక్కినవి, ఇల్లు కదలక తిని నిద్రించునవి, బీజములు తీసిన మగపిల్లులు ఈ వ్యాధికి హెచ్చుగా లోనగును. స్టిరాయిడు మందులు చాలకాలము వాడుటవలనను ఇది రావచ్చును.

1921వ సంవత్సరమున కెనడాదేశములోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు కుక్కలపై పరిశోధనలు చేసి ఇన్సులినును వెలికిదీసిరి. మరుసటి సంవత్సరము జనవరిలో అది తొలిసారిగా మనుష్యునికి ఇవ్వబడినది. నేడు అదే మందు పెంపుడు జంతువుల ప్రాణములను కూడ నిలుపుచున్నది.

పిల్లికి చేయు చికిత్సలో అధికభాగము ఆసుపత్రిలో గాక ఇంటిలోనే, సాధారణముగా దినమునకు రెండుసార్లు, ఇంటివారి చేతిమీదుగా జరుగవలసియుండును. మోతాదును పశువైద్యుడు నిర్ణయించును. దానిని తప్పక ఇచ్చుటయు, పిల్లిని కనిపెట్టియుండుటయు ఇంటివారి పని. ఈ పనికి పూనుకొనువారు మొదట గ్రహింపవలసిన విషయమొకటి కలదు. రక్తములో చక్కెర హెచ్చుటవలన కలుగు హాని దినములమీద, వారములమీద ముదురును. ఇన్సులిను ఎక్కువై చక్కెర పడిపోయినచో గంటలలోనే ప్రాణము పోవచ్చును. కావున ఇన్సులిను ఇచ్చితిమా లేదా అను సందేహము కలిగినపుడు మరల ఇచ్చుటకంటె ఆ పూటకు మానుటయే క్షేమము.

వ్యాధి గుర్తులు

పిల్లి మాటిమాటికి నీరు త్రాగును. మూత్రము హెచ్చుగా పోయును. బాగుగా తినుచున్నను చిక్కిపోవును. ఆరోగ్యముగల పిల్లి రక్తములో డెసిలీటరుకు సుమారు 70 మొదలు 150 మిల్లీగ్రాముల వరకు చక్కెర ఉండును. అది సుమారు 250 దాటిన పిమ్మట మూత్రపిండములు చక్కెరను ఆపజాలవు. మూత్రములోనికి పోవు చక్కెర తనతో నీటిని కూడ తీసికొనిపోవును. దప్పికకు కారణమిదియే. వ్యాధి ముదిరినచో వెనుకకాళ్ల నరములు చెడి, పిల్లి మునివేళ్లపై గాక మడమలు నేలకానించి నడచును.

పిల్లి భయపడినపుడు కూడ రక్తములో చక్కెర బాగుగా పెరుగును. బుట్టలో పెట్టి ఆసుపత్రికి తెచ్చిన పిల్లికి చేసిన ఒక్క పరీక్షను బట్టి వ్యాధిని నిశ్చయించుట కష్టము. ఇందుచేత వైద్యుడు మూత్రమును పరీక్షించును; గడచిన రెండు మూడు వారముల స్థితిని తెలుపు ఫ్రక్టోసమిన్ అను పరీక్షను కూడ చేయించును. మందు మొదలిడిన పిమ్మట ఇంటిలో పరీక్షించుట మేలని చెప్పుటకును ఇదియే కారణము.

సీసా, సిరంజి: రెండింటి అంకె ఒకటిగా ఉండవలెను

మన దేశములో ఇన్సులిను సీసాలు సాధారణముగా రెండు బలములలో అమ్మబడుచున్నవి. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మరియొకదానిలో 100 యూనిట్లు ఉండును. దేని సిరంజి దానికే తగును. 40 సిరంజికి సాధారణముగా ఎర్రమూతయు, 100 సిరంజికి నారింజరంగు మూతయు ఉండును. అయినను మూతను నమ్మక, సీసాపైని అంకెను, సిరంజిపైని అంకెను ప్రతిసారి చదివి సరిచూడవలెను.

ఈ రెండును తారుమారైనచో ఏమగునో ఒక లెక్కవలన తెలియును. పిల్లికి 2 యూనిట్లు ఇవ్వవలసియున్నదనుకొనుడు. 100 బలముగల మందును 40 సిరంజిలో 2 అను గీతవరకు తీసినచో, పిల్లి శరీరములోనికి పోవునది 2 యూనిట్లు కాదు, 5 యూనిట్లు. 40 బలముగల మందును 100 సిరంజిలో అదే గీతవరకు తీసినచో పోవునది ఒక యూనిటు కూడ కాదు, 0.8 మాత్రమే. మొదటి పొరపాటు ప్రాణాంతకము. రెండవది వ్యాధిని ముదుర్చును.

ఇంటిలో పెద్దలెవరైన ఇన్సులిను వాడుచున్నచో, ఆ సీసా నుండి పిల్లికి ఇవ్వరాదు. మనుష్యులకు వాడు గ్లార్జీను వంటి కొన్ని మందులను పిల్లులకును వాడుట కలదు. కాని ఏ మందు, ఎంత బలము, ఎన్ని యూనిట్లు అనునది వైద్యుడు చెప్పవలసినదే. పిల్లికి మొదట చాలునది ఒకటి రెండు యూనిట్లు మాత్రమే.

సూది వేయు విధము

ఉదయము, సాయంత్రము 12 గంటల ఎడముతో, ఒకే వేళకు మందు ఇవ్వవలెను. పిల్లి తినుట చూచిన తరువాత సూది వేయుట మంచిది. ప్రక్కభాగమున వదులుగానున్న చర్మమును గుడారమువలె పైకెత్తి, దాని మొదట సూదిని గ్రుచ్చి మందు విడువవలెను. మందు కొంత బొచ్చుపై ఒలికినట్లు తోచినను మరల వేయరాదు. ఒక పూట మరచినచో మరుపూట రెండింతలు ఇవ్వరాదు. వాడిన సూదులను గట్టి డబ్బాలో వేసి మూతపెట్టవలెను.

వాడక ముందున్న సీసాను 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో ఉంచవలెను. గడ్డకట్టిన మందు పనికిరాదు. ఎండ తగిలిన సీసాను కూడ వాడరాదు.

చక్కెర కొలుచుట

చెవి అంచున సన్నని రక్తనాళము కనబడును. గోరువెచ్చని గుడ్డతో చెవిని వెచ్చచేసి, లోపలివైపున దూది ఆనించి, సన్నని సూదితో గ్రుచ్చినచో చిన్న రక్తబిందువు వచ్చును. ఆ బిందువే గ్లూకోమీటరునకు చాలును. మనుష్యుల గ్లూకోమీటరు పిల్లి రక్తములోని చక్కెరను తరచుగా ఉన్నదానికంటె తక్కువగా చూపును. కావున ఎల్లప్పుడు ఒకే పరికరమును వాడి, ఆ అంకెలను వైద్యునికి చూపవలెను.

వైద్యుడు కోరిన దినమున ప్రతి రెండు గంటలకు ఒకసారి, మరుసటి మోతాదు వరకు కొలిచి వ్రాయవలెను. అందువలన మందు చక్కెరను ఎంతవరకు దించుచున్నది, ఎంతసేపు పనిచేయుచున్నది తెలియును. ఆ దినమున అతితక్కువ అంకె 80కిని 150కిని నడుమ ఉండుట కోరదగినది. ఒక్క దినపు అంకెను చూచి ఇంటివారు మోతాదును పెంచరాదు. మందు కుదురుకొనుటకు కొన్ని దినములు పట్టును.

ఆహారము

పిల్లి స్వభావముచేత మాంసాహారి. పాలన్నము, పెరుగన్నము పెట్టి పెంచుట అనేక గృహములలో వాడుక. ఈ ఆహారములోని పిండిపదార్థము మధుమేహమునకు మంచిది కాదు. అంతేగాక మాంసమునందు, చేపలయందు లభించు టారిన్ అను పదార్థము లోపించినచో పిల్లి చూపును, గుండెయు చెడును. మాంసకృత్తులు హెచ్చుగాను, పిండి తక్కువగాను ఉన్న ఆహారము తగినది. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూరలు పిల్లికి విషతుల్యములు.

అయితే వైద్యునికి తెలుపక ఆహారము మార్చరాదు. పిండి తగ్గినంతనే చక్కెరయు తగ్గును. ఇన్సులిను మాత్రము పూర్వపు మోతాదులోనే ఇచ్చినచో అపాయము కలుగును. బరువు తగ్గింపవలెనని పస్తుంచుటయు తగదు. లావైన పిల్లి కొన్ని దినములు తినకున్నచో కాలేయమునకు క్రొవ్వుపట్టి ప్రాణము మీదికి వచ్చును.

అపాయ సమయమున

చక్కెర 60కి దిగినచో అపాయమని ఎంచవలెను. పిల్లి నీరసించును, తూలును, వణకును, పిలిచినను పలుకదు. పిదప మూర్ఛలు వచ్చును. ఈ గుర్తులు కనబడినచో గ్లూకోమీటరు కొరకు వెదకుచు కాలము గడుపరాదు. తినగలిగియున్నచో వెంటనే ఆహారము పెట్టవలెను. తినలేనిచో తేనెనుగాని, చక్కెరపాకమునుగాని చిగుళ్లకు పూయవలెను. స్పృహలేని పిల్లి నోట ఏదియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. తేరుకొన్నను వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. వైద్యుడు చెప్పువరకు ఇన్సులిను ఇవ్వరాదు.

పిల్లి ఆహారము ముట్టనిచో, వాంతి చేసికొన్నచో ఎప్పటి మోతాదును ఇవ్వక వైద్యుని అడుగవలెను. తిండి మాని, వాంతులతో సొమ్మసిల్లియున్న మధుమేహపు పిల్లి రక్తములో ఆమ్లములు చేరియుండవచ్చును. అట్టి పిల్లిని ఆ దినముననే ఆసుపత్రికి చేర్చవలెను.

నోటి ద్వారా ఇచ్చు మందొకటి పిల్లుల కొరకు 2022లో అమెరికాలో ఆమోదింపబడినది. అయితే అది ఇన్సులిను వాడిన పిల్లులకు తగదు. మనుష్యుల మాత్రలను స్వయముగా పిల్లికి వేయుట అపాయకరము.

లెక్కల పుస్తకము

ఇంటిలో ఒక చిన్న పుస్తకముంచి, ప్రతిపూట వేళ, తిన్న ఆహారము, ఇచ్చిన యూనిట్లు, సూది వేసినవారి పేరు అందులో వ్రాయవలెను. వారమునకొకసారి బరువు చూచి వ్రాయవలెను. ఒకరు వేసినది తెలియక మరియొకరు వేయుట అనేకులున్న ఇంటిలో సులభముగా జరుగు పొరపాటు. ఈ పుస్తకము దానిని నివారించును.

చికిత్స త్వరగా మొదలిడి, ఆహారము, మందు క్రమముగా నడిపినచో, కొన్ని పిల్లులకు కొన్ని నెలలలో ఇన్సులిను అవసరమే లేకపోవును. ఆ స్థితి వచ్చినదని తెలియుట కూడ పుస్తకములోని అంకెలవలననే. చక్కెర తక్కువగా నిలుచుచున్నదని అవి చూపినపుడు వైద్యుడు మోతాదును మెల్లగా తగ్గించి మాన్పించును. మానిన పిమ్మటను వ్యాధి తిరిగి రావచ్చును. కావున పిల్లి త్రాగు నీటిని, దాని బరువును కనిపెట్టియుండుట మానరాదు.