తనంతట తానే పార్క్ అయ్యే కారు: స్టీరింగ్ వెనుక రేఖాగణితం

రోడ్డు పక్కన వరసగా ఆగి ఉన్న రెండు కార్ల మధ్య ఖాళీలోకి మూడో కారును వెనక్కి నడుపుతూ చేర్చడాన్ని పారలల్ పార్కింగ్ అంటారు. డ్రైవింగ్ కొత్తగా నేర్చుకున్నవారికి ఇది పెద్ద పరీక్షే. ఇప్పుడు కొన్ని కార్లలో ఒక బటన్ నొక్కితే చాలు, స్టీరింగ్ తనంతట తానే అటూ ఇటూ తిరిగి కారును ఖాళీలో నిలబెడుతుంది. మరి కారుకు కళ్లు వచ్చాయా? నిజానికి ఈ వ్యవస్థ చూసేది తక్కువ. కొలవడం, లెక్కకట్టడమే దాని పనిలో ఎక్కువ భాగం. అది ఏం కొలుస్తుందో తెలిస్తే, ఏం కొలవలేదో కూడా తెలుస్తుంది. రోడ్డు మీద ఉన్న అందరికీ ఆ రెండో సంగతే ఎక్కువ ముఖ్యం.

అసలు చిక్కు ఎక్కడ?

కారు చక్రాలు ముందుకు దొర్లుతాయి, వెనక్కి దొర్లుతాయి. పక్కకు మాత్రం దొర్లవు. పీతలా అడ్డంగా నడవగలిగితే పార్కింగ్ అసలు సమస్యే కాదు. ఆ ప్రయత్నమూ జరిగింది. అమెరికాలో బ్రూక్స్ వాకర్ అనే ఆవిష్కర్త కారు వెనుక ఉండే స్టెప్నీని అడ్డంగా నేలకు దించి, దాని మీద కారు వెనుక భాగాన్ని పక్కకు తిప్పే ఏర్పాటు చేశారు. 1950లలో దాన్ని ప్రదర్శించి చూపినా, మామూలు కార్లలోకి అది రాలేదు.

కాబట్టి పక్కకు రెండు మీటర్లు జరగాలంటే కారు వంపులు తిరుగుతూ వెనక్కి రావాల్సిందే. మన దేశంలో ఎడమ పక్కన ఆపుతాం. ముందు స్టీరింగ్‌ను ఎడమకు తిప్పి వెనక్కి వస్తే వెనుక భాగం ఖాళీలోకి దూరుతుంది. ఆ తర్వాత కుడికి తిప్పితే ముందు భాగం లోపలికి వస్తుంది. రెండు చాపాలు కలిసిన వంకర దారి అన్నమాట. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ స్టీరింగ్ మార్చాలి అన్నదే కష్టం. అనుభవమున్న డ్రైవరు దీన్ని అంచనాతో చేస్తారు. కారు కొలతలతో చేస్తుంది.

ఖాళీని కొలిచేది శబ్దం

బంపర్ మీద గుండ్రని బొత్తాముల్లా కనిపించేవే అల్ట్రాసోనిక్ సెన్సర్లు. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి కాబట్టి ఇవి చాలామందికి పరిచయమే. తానే పార్క్ చేసుకునే కార్లలో సాధారణంగా ముందు 6, వెనుక 6, మొత్తం 12 ఉంటాయి. వాటిలో మూలల్లో ఉన్నవి పక్కకు చూస్తుంటాయి.

సెన్సర్‌లోని పీజోఎలక్ట్రిక్ బిళ్లకు విద్యుత్తు అందితే అది సెకనుకు 40 వేలకు పైగా సార్లు కంపిస్తుంది. మన చెవి దాదాపు 20 వేల వరకే వినగలదు కాబట్టి ఆ శబ్దం మనకు వినపడదు. అది ఎదుటి వస్తువును తాకి తిరిగి వచ్చేదాకా పట్టిన సమయాన్ని సెన్సర్ లెక్కిస్తుంది. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వస్తువు ఒక మీటరు దూరంలో ఉంటే శబ్దం వెళ్లి రావడానికి 2 మీటర్లు ప్రయాణించాలి, అంటే దాదాపు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది.

ఇక్కడ ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర అది సెకనుకు సుమారు 355 మీటర్లు. ఈ సంగతి పట్టించుకోని సెన్సర్, మీటరు దూరంలో ఉన్న వస్తువును మూడున్నర సెంటీమీటర్లు దగ్గరగా ఉందనుకుంటుంది. అందుకే బయటి ఉష్ణోగ్రతను బట్టి లెక్కను సవరిస్తారు. మన ఎండాకాలంలో ఈ సవరణ తప్పదు.

పార్కింగ్ బటన్ నొక్కాక డ్రైవరు ఆగి ఉన్న కార్ల పక్కగా నెమ్మదిగా ముందుకు పోతారు. పక్క సెన్సర్ ఒక మీటరు, ఒక మీటరు అని చెబుతూ వచ్చి ఒక్కసారిగా మూడు మీటర్లు అంటుంది. కొంత దూరం పోయాక మళ్లీ ఒక మీటరు అంటుంది. ఆ మధ్యలో కారు ఎంత దూరం కదిలిందో అదే ఖాళీ పొడవు. ఆ దూరాన్ని చెప్పేవి ఏబీఎస్ బ్రేకుల కోసం చక్రాల దగ్గర పెట్టిన సెన్సర్లు. చక్రంతో పాటు తిరిగే వలయానికి 48 పళ్లు ఉండి, చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లు అనుకుంటే, ఒక్కో పన్ను దాటినప్పుడు కారు దాదాపు 4 సెంటీమీటర్లు కదిలినట్టు.

ఎంత ఖాళీ ఉంటే చాలు?

రాయల్ హాలోవే, యూనివర్సిటీ ఆఫ్ లండన్‌లోని గణిత శాస్త్రవేత్త సైమన్ బ్లాక్‌బర్న్ 2009లో దీనికి ఒక సూత్రం ఇచ్చారు. ఆలోచన సులువైనదే. కారు లోపలికి ఎలా వెళ్తుందని కాక, లోపల ఉన్న కారు ఎలా బయటికి వస్తుందని ఊహించుకోండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బయటికి వస్తుంటే, కారు ముందు మూల ఒక వృత్తం మీద కదులుతుంది. ఆ వృత్తం ముందున్న కారు వెనుక మూలను తాకకుండా పోతే చాలు. అదే దారిలో వెనక్కి కూడా రావచ్చు. తక్కిన లెక్కంతా పైథాగరస్ సిద్ధాంతమే.

ఒక ఉదాహరణ చూద్దాం. కారు తిరిగే వృత్తం వ్యాసార్ధం 4.8 మీటర్లు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లు, ముందు చక్రం మధ్య నుంచి బంపర్ కొస దాకా 0.7 మీటరు, ముందు ఆగి ఉన్న కారు వెడల్పు 1.7 మీటర్లు అనుకుందాం. సూత్రం ప్రకారం మన కారు పొడవు కంటే ఇంకో 1.4 మీటర్లు ఉంటే ఒకే ఊపులో లోపలికి రావచ్చు. అంతకన్నా తక్కువుంటే ముందుకూ వెనక్కూ కొన్నిసార్లు సర్దుకోవాలి. కారులోని కంప్యూటర్ కూడా ఇలాంటి రేఖాగణితంతోనే దారి గీస్తుంది. కొలతల్లో పొరపాట్లకు కొంత చోటు అదనంగా వదులుతుంది.

స్టీరింగ్ కారుది, బ్రేకు మీది

గీసిన దారిలో కారును నడిపించేది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. మన చేతికి సాయపడటానికి పెట్టిన మోటారే ఇప్పుడు కంప్యూటర్ చెప్పినట్టు తిరుగుతుంది. మధ్యలో మీరు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుంటే, ఆ బలాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది కాబట్టి వ్యవస్థ తప్పుకుని పగ్గాలు మీకు వదిలేస్తుంది.

2003లో టొయోటా జపాన్‌లో ప్రియస్ కారుకు ఈ సౌకర్యం ఇచ్చినప్పుడు, కారును ఎక్కడ ఆపాలో డ్రైవరే తెర మీద చూపించాలి. బ్రేకు కూడా డ్రైవరే చూసుకోవాలి. ఇప్పటికీ చాలా కార్లలో బ్రేకు, గేరు మనవే, స్టీరింగ్ మాత్రమే కారుది. ఒకరు స్టీరింగ్, మరొకరు బ్రేకు పట్టుకుంటే దారి తప్పదా? తప్పదు. అంత తక్కువ వేగంలో టైర్లు పక్కకు జారవు. కారు పోయే దారి స్టీరింగ్ కోణం మీదే ఆధారపడుతుంది, వేగం మీద కాదు. అందుకే కంప్యూటర్ 'రెండు సెకన్ల తర్వాత తిప్పు' అనుకోదు, 'మీటరున్నర కదిలాక తిప్పు' అనుకుంటుంది. మీరు మధ్యలో ఆగినా, మెల్లగా వచ్చినా దారి మారదు.

ప్రతిధ్వని రాని చోట

మరోవైపు, 2022లో జర్మనీ స్టుట్‌గార్ట్ విమానాశ్రయంలోని ఒక పార్కింగ్ భవనంలో డ్రైవరు లేకుండానే కార్లు చోటు వెతుక్కుని ఆగడానికి అనుమతి దొరికింది. అయితే అక్కడ భవనంలో అమర్చిన సెన్సర్లు కూడా కారుకు దారి చూపిస్తాయి. మన బజారులో కారుకు ఆ తోడు ఉండదు.

సెన్సర్‌కు ప్రతిధ్వని రాలేదంటే అర్థం ఒక్కటే: అక్కడ ఏమీ లేదు. కానీ మూత లేని మురుగు కాలువ నుంచి కూడా ప్రతిధ్వని రాదు. లారీ వెనుక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు సెన్సర్ ఎత్తుకు పైన ఉండిపోవచ్చు. సన్నని తీగ, ఏటవాలు గోడ శబ్దాన్ని సరిగా తిప్పి పంపవు. మందపాటి గుడ్డ దాన్ని పీల్చుకుంటుంది. మరీ దగ్గరి వస్తువులతోనూ చిక్కే. శబ్దం పంపాక బిళ్ల కంపనం ఆగడానికి ఒక మిల్లీసెకను పట్టినా, ఆలోపు 17 సెంటీమీటర్ల లోపలి వస్తువు ప్రతిధ్వని వచ్చిపోతుంది. తన మోతలోనే ఉన్న సెన్సర్ దాన్ని వేరుచేసి గుర్తించలేదు. కెమెరాలు ఈ లోటును కొంత తీరుస్తాయి, అయినా లెన్సు మీద బురద పడితే వాటి పనీ అంతే.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఖాళీని కొలిచేశాక అందులోకి వచ్చే మనిషి. జారిపోయిన బంతి కోసం వంగిన పిల్లవాడు కారు గీసుకున్న దారిలో లేడు. తర్వాతి ప్రతిధ్వనిలో కనిపిస్తే కారు హెచ్చరిస్తుంది, కొన్ని కార్లు వాటంతటవే ఆగుతాయి కూడా. ఆ ప్రతిధ్వని బలహీనంగా ఉంటే అడ్డుకోగలిగేది డ్రైవరు ఒక్కరే. కాబట్టి బటన్ నొక్కే ముందు ఆ ఖాళీని ఒకసారి మీ కళ్లతో చూడండి. కారు కదులుతున్నంతసేపూ తెర వైపే కాకుండా అద్దాల వైపూ చూస్తూ, కాలు బ్రేకు మీదే ఉంచండి.