ఆసనము మారునపుడు

అంకాపూరునకు సమీపమున, ఆర్మూరు పట్టణము ప్రక్కన, నవనాథ సిద్ధుల గుట్ట కలదు. తొమ్మండుగురు సిద్ధయోగు లచ్చట తపస్సు చేసిరని మన పెద్దలు చెప్పుకొందురు. కావున యోగమను మాట మనకు క్రొత్తది కాదు. 2014 సంవత్సరమున ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. మన ప్రాంతమున నది పసుపు నాటు కాలము; బడులు తెరచి పిల్లలు క్రొత్త తరగతులలో చేరు కాలము.

యోగమనగా దేహమును వంచుట మాత్రమే యని తలచువారు పెక్కురు. కాని యభ్యాసము చేయువారికి తెలిసిన సంగతి యొకటి కలదు. ఆసనమున నిలిచియున్నపుడు కన్న, ఒక ఆసనమునుండి మరియొకదానికి మారునపుడే తరచుగా తొట్రుపాటు కలుగును. మన బ్రదుకును అట్టిదే. పదవ తరగతి ముగించి నిజామాబాదునకో హైదరాబాదునకో పోవు బాలుడును, తండ్రి గల్ఫు దేశమునకు వెడలగా తల్లికి తోడుగా నిలుచు బాలికయు అట్టి మార్పు నడుమ నున్నవారే.

మొదటి పాఠము: ఆసనమును విడుచుటయు ఆసనములో భాగమే. శీర్షాసనమునుండి ఒక్కుమ్మడి దిగినచో మెడకు హాని కలుగవచ్చును. అట్లే బడి విడుచునపుడు గురువులను, స్నేహితులను పలుకరించి, తీసికొన్న పుస్తకముల నిచ్చివేసి, మనస్పర్థలు మాన్పుకొని సెలవు పుచ్చుకొనవలెను.

రెండవ పాఠము: సూర్యనమస్కారమున పండ్రెండు స్థితులు మారినను శ్వాస తెగదు. క్రొత్త వసతిగృహమున భోజనము, పడక, తోడివారు అన్నియు మారును. అపుడు మేల్కొను వేళయో, ఇంటివారితో మాటలాడు వేళయో, ఒక్క యలవాటునైన మారకుండ నిలుపుకొనుడు.

మూడవ పాఠము: పతంజలి యోగసూత్రములు అభ్యాసమును, వైరాగ్యమును జతగా బోధించినవి. వైరాగ్యమనగా ఇల్లు విడుచుట కాదు, ఫలితమునకై ఆరాటపడకుండుట. పరీక్ష తప్పినవాడు చింత విడిచి మరల చదువుటయే ఈ రెంటి కలయిక.

బి. కె. ఎస్. అయ్యంగారు 1918లో కర్ణాటకమందలి బెళ్లూరున జన్మించి, బాల్యమున మలేరియా, టైఫాయిడు, క్షయ వ్యాధులచే కృశించెను. 1937లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, భాష సరిగా తెలియని పుణే నగరమునకు యోగము నేర్ప నేగెను. అన్నియు మారినను నిత్యాభ్యాసము మానలేదు. 1966లో వెలువడిన ఆయన గ్రంథము “లైట్ ఆన్ యోగా” లోకమున పెక్కు దేశములకు వ్యాపించినది.

అయినను యోగము సకల దుఃఖములకు మందు కాదు. మనోవేదన భరింపరానిదైనచో పెద్దలకు చెప్పుకొనుడు. వైద్యుని సాయము పొందుట సిగ్గుపడదగినది కాదు.

తలిదండ్రులకు నొక్క మనవి. త్రవ్విన పసుపుకొమ్ము నాడే యంగడికి పోదు. ఉడికి, పలుదినము లెండి, మెరుగుపెట్టబడిన పిదపనే పోవును. ఇల్లు విడిచి క్రొత్తచోటికేగిన బిడ్డకును అట్టి గడువు కొంత యొసగుడు.